పదును

తెలుగు మాటల్లో కొన్నింటికి నిఘంటువులో ఇచ్చిన అర్థాలు ఒకదానితో మరొకటి పొసగనట్లు కనిపిస్తాయి. ‘పదును’ అటువంటి మాట. కత్తికి పదును అన్నప్పుడు వాడి అని అర్థం. నేలకు పదును అన్నప్పుడు తడి అని అర్థం. వాడికీ తడికీ ఏమిటి చుట్టరికం? ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పాను. నానార్థాల పాఠం వచ్చినప్పుడల్లా ఈ మాటను పిల్లల ముందు పెట్టడం నాకు అలవాటు. రైతుల పిల్లలు నేల సంగతి చెప్పేవారు. కమ్మరి ఇంటి పిల్లవాడు ఎవడైనా ఉంటే కొలిమి సంగతి చెప్పేవాడు. మూడవ అర్థం మాత్రం ఎక్కువసార్లు నేనే చెప్పవలసి వచ్చేది. తోలును పదును చేయడం. అది మా ఇంటి అర్థం.

ఇప్పుడీ మాట గుర్తుకు రావడానికి కారణం ఉంది. మా సంఘంలోని యౌవనస్థులు ఒక ప్రశ్న తెచ్చారు. పాపాన్ని ఎదిరించాలంటే మనస్సు గట్టిగా ఉండాలి కదా, మరి హృదయం మెత్తగా ఉంచుకోమని కూడా మనకు బోధ ఉన్నది, ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతాయి అని. ప్రశ్న బాగుంది. కూటంలో పది నిమిషాలలో చెప్పగలిగిన జవాబు కాదనిపించి, ఇంటికి వచ్చి కాగితం ముందు కూర్చున్నాను.

మా ఊరు ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మకు ఆమడ దూరం. మా తాత తోలుపని చేసేవాడు. మాదిగవాడలో ఆఖరి ఇంటి వెనుక ఆయన లంద ఉండేది. నా చిన్నతనానికే ఆ పని సన్నగిల్లింది, అయినా నాలుగైదేళ్లు కళ్లారా చూశాను. పచ్చి తోలుకు ఇద్దరు శత్రువులు. తడిగా వదిలేస్తే కుళ్లిపోతుంది. కుళ్లకుండా ఉండాలని ఎండలో పడవేస్తే బిగుసుకొని చెక్కలాగా అవుతుంది, మడిస్తే పెళ్లున విరుగుతుంది. తాత దానిని నీళ్లలో నానబెట్టి, సున్నపు గోలెంలో కొన్నాళ్లు ఉంచి, వెంట్రుక ఊడగొట్టి, లోపలి వైపు అంటుకొని ఉన్న మాంసం రంపెతో గీకి, మళ్లీ మళ్లీ కడిగేవాడు. సున్నం పిసరంత మిగిలినా తోలు చెడిపోతుందని ఆయన భయం. ఆ తరువాత తంగేడు చెక్క దంచి నీళ్లలో వేసి, తోలునే సంచిగా కుట్టి, ఆ చెక్కనూ ఆ నీళ్లనూ దానిలో నింపి, మూడు కర్రల మధ్య వేలాడదీసేవాడు. బొట్టు బొట్టుగా కారిన రసాన్ని పట్టి మళ్లీ పైన పోయడం మా నాయనమ్మ పని. ఇట్లా వారాలు గడిచేవి. తంగేడులోని వగరు తోలు పోగులలోకి ఇంకి వాటిని పట్టుకొంటుంది. ఆ పైన నీడలో ఆరబెట్టి, ఆముదం పట్టించి, చేతులతో లాగి లాగి పిసికితే అప్పుడది పదునైన తోలు. అది నీటిలో నానినా తొందరగా కుళ్లదు, ఎండలో పెట్టినా విరగదు. ఆ తోలుతో కుట్టిన కపిల బానలు మా చుట్టుపక్కల బావులలో పొద్దస్తమానం మునిగి తేలేవి.

లంద వాసన గురించి అందరికీ తెలుసు. లందలో జరిగే పని గురించి తెలిసినవారు తక్కువ.

ఇక ప్రశ్న దగ్గరకు వస్తాను. హృదయం గట్టిపడడమంటే మనకు వెంటనే తోచే పేరు ఫరో. నిర్గమకాండములో ఆ కథ నడిచినంత సేపూ అతని గుండె గట్టిపడుతూనే ఉంటుంది. హీబ్రూ మూలంలో ఈ గట్టిపడడానికి ఒక్క మాట కాదు, మూడు మాటలు వాడారని వ్యాఖ్యాతలు వ్రాస్తారు. ఒకటి బిగుసుకోవడం, ఒకటి బరువెక్కడం, ఒకటి కఠినం కావడం. భాష చెప్పుకొని బ్రతికినవాడిని గనుక ఈ భేదం నాకు ముఖ్యమనిపిస్తుంది. బిగుసుకొన్న పిడికిలి వేరు, బరువెక్కిన చెయ్యి వేరు. మొదటిది కోపంతో ఉన్నవాడి గుండె, రెండవది ఎవరేమన్నా పట్టనివాడి గుండె. మనలో ఫరో వంటి కోపిష్ఠులు తక్కువ. బరువెక్కిన గుండెలవారు మాత్రం చాలామందిమి.

ఆ కథలో మరొక సంగతి ఉంది, ప్రసంగాలలో తరచుగా దాటిపోతారు. తొలి తెగుళ్లలో ఫరో తన గుండెను తానే గట్టిపరచుకొంటాడు. దేవుడు గట్టిపరచాడన్న మాట ఆ తరువాతి తెగుళ్లలో వస్తుంది. అది కూడా కష్టం వచ్చినప్పుడు కాదు. కప్పల తెగులు చూడండి. ఇల్లంతా, పడకంతా, పిండి తొట్లతో సహా కప్పలు నిండినప్పుడు అతడు మోషేను పిలిచి బతిమాలుకొన్నాడు. కప్పలు చచ్చి, కాస్త ఊపిరాడగానే గట్టిపడ్డాడు. కష్టం మనిషిని గట్టిపరుస్తుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఇక్కడ గట్టిపరచింది కష్టం తీరడం. ఇంకొక విడ్డూరం కూడా ఉంది. కప్పలు ఎప్పుడు పోవాలో నీవే చెప్పు అని మోషే అడిగితే ఫరో రేపు అన్నాడు. ఇంకొక రాత్రి కప్పలతో పడుకోవడానికి సిద్ధపడ్డాడు గాని ఈ రోజే అనలేకపోయాడు. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో మూడవ అధ్యాయం తీసి చూస్తే, పాపపు మోసం వలన ఎవరూ కఠినులు కాకుండా ప్రతిదినమూ ఒకరినొకరు హెచ్చరించుకోవాలన్న ఉపదేశం ఉంది. అక్కడ ఆధారమంతా ‘నేడు’ అన్న మాట మీదనే. ఆ పత్రిక వ్రాసినవారి మనస్సులో ఫరో ఉన్నాడో లేదో గాని, నేను చదివినప్పుడల్లా రెండు మాటలూ పక్కపక్కనే వినిపిస్తాయి.

పాపం మోసగిస్తుంది అన్నదే అక్కడ కీలకం. మెత్తని గుండె మీద మొదటిసారి పాపం పడినప్పుడు నొప్పి తెలుస్తుంది. రెండవసారి కాస్త తక్కువ తెలుస్తుంది. నొప్పి తగ్గిందంటే గాయం మానిందనుకొంటాం. చెప్పులు లేకుండా రాళ్లలో నడిచే పాదం సంగతి పల్లెవాళ్లకు తెలియనిది కాదు. కాయ కాసిన చోట ముల్లు గుచ్చుకొన్నా తెలియదు.

అయితే గుండె పాపం చేయడం వల్లనే గట్టిపడుతుందనుకొంటే సగమే చెప్పినట్లు. పాపాన్ని మానుకోవడంలోనూ గట్టిపడవచ్చు. ఇది చెప్పడానికి కొంచెం మా సంఘాల చరిత్ర చెప్పాలి.

తలకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకొన్నాడు. మా వాళ్లలో క్రైస్తవం ఆయనతోనే వ్రేళ్లూనింది. అప్పట్లో ఒంగోలులో ఉన్న క్లౌ దొర కొత్తగా చేరేవారికి ముఖ్యంగా మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఇప్పుడు చదివితే ఏమంత గొప్ప అనిపిస్తుంది. ఊరి వెట్టికి పిలిస్తే ఆదివారం రాము అని చెప్పడానికి ఆ రోజుల్లో ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. దెబ్బలు తిన్నారు, బావులు మూయించుకొన్నారు, కేసులు మోయించుకొన్నారు. 1876–78 కరువు గడిచాక, 1878 జూలై 3న ఒక్క రోజున గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి కోసం చేరారన్న మాట రాకుండా, కరువు పనులు నడిచినంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మా జనుల గురించి 1899లో ఒక ఆంగ్ల గ్రంథం ప్రకటించింది. దాని పేరును తెలుగులో చెబితే ‘చెప్పులు కుడుతూ’ అవుతుంది. పేరు పెట్టడం తెలిసిన మనిషి.

ఆ మూడు నియమాలూ మా పూర్వులకు వెన్నెముక నిచ్చాయి. దానిని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కాని కాలం గడిచే కొద్దీ నియమాల పట్టిక పెరిగింది. కల్లు, సారా, చుట్ట, పేకాట, సినిమా. అన్నీ లెక్కపెట్టడానికి వీలైనవే. లెక్కపెట్టగలిగిన పాపాలను జయించినవాడు తనకు పాపం మిగలలేదనుకొనే ప్రమాదం ఉంటుంది.

మా సంఘంలో ఒక పెద్దమనిషి ఉండేవారు. డీకనుగా చాలా కాలం సేవ చేశారు. యౌవనంలో తాగుడు ఉండేదట, ఒక్క రోజున మానివేసి మరి ముట్టలేదు. దశమభాగం అణా పైసలతో లెక్క కట్టి ఇచ్చేవారు. అబద్ధం ఆడగా ఎవరూ వినలేదు. ఆయన కూతురు ఇంట్లో చెప్పకుండా వేరే కులపు అబ్బాయిని పెండ్లి చేసికొని వెళ్లిపోయింది. నాలుగేళ్ల తరువాత, భర్త చనిపోయి, చంకలో బిడ్డతో, కార్తీకం ముసురులో ఒక రాత్రి తండ్రి గుమ్మం ముందుకు వచ్చింది. ఆయన తలుపు తీయలేదు. లోపల దీపం ఉంది, ఆయన దగ్గు కూడా వినిపిస్తున్నది, తలుపు మాత్రం తీయలేదు. ఆ పిల్ల గుడి వసారాలో కూర్చొని ఉంటే మా అమ్మ వెళ్లి తీసుకొని వచ్చింది. ఆ బిడ్డకు ఒళ్లు కాలిపోతున్నది. తెల్లవార్లూ మా అమ్మ తడిగుడ్డ వేస్తూ కూర్చున్నది.

మరుసటి ఆదివారం ఆయన చేసిన ప్రార్థన నాకు జ్ఞాపకం ఉంది. చాలా బాగా చేశారు. ఎక్కడా తడబడలేదు.

ఆయన చెడ్డవారని నేను అనను. పచ్చి తోలు కుళ్లకూడదన్న భయంతో ఎండలో వేసి మరిచిపోయినట్లు, తాగుడు నుండి తనను కాపాడిన పట్టుదలనే అన్నిటి మీదా పరచుకొన్నారు. లూకా సువార్త పదునైదవ అధ్యాయంలోని పెద్దకుమారుడూ ఇటువంటివాడే. అతడు తండ్రి ఆజ్ఞ మీరలేదు, ఆస్తి తగలెయ్యలేదు, పొలం నుండి ఇంటికి వస్తూ పాటలు విని గుమ్మం బయటనే నిలిచిపోయాడు. మా ఊరి పెద్దమనిషి గుమ్మం లోపల నిలిచిపోయారు, అంతే భేదం. ఆ ఉపమానం పెద్దవాడు లోపలికి వచ్చాడో లేదో చెప్పకుండానే ముగుస్తుంది. చిన్నవాడి గురించి మనం పాటలు కట్టుకొన్నాం. పెద్దవాడి గురించి విన్న ప్రసంగాలు నా జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వినేవారిలో ఎక్కువమందిమి అతని జాతివారమే అయినా.

మెత్తదనం ఒక్కటే ఉంటే ఏమవుతుందో ఏలీ కథ చెబుతుంది. కుమారులు దేవాలయంలో చేస్తున్నది తెలిసి కూడా నాలుగు మాటలు మందలించి ఊరుకొన్నాడు. దాన్ని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ‘దేవుడు ప్రేమామయుడు, క్షమిస్తాడులే’ అనేవారిని మనం రోజూ చూస్తున్నాం. తడిలో వదిలిన తోలు వాసన దానంతట అదే చెబుతుంది.

తాతకు చదువు రాదు. బైబిలు నా చేత చదివించుకొని వినేవాడు. ఆయనకు ఇష్టమైన భాగం కీర్తనలలోనిది కాదు, సువార్తలలోనిదీ కాదు. అపొస్తలుల కార్యములలో పేతురు యొప్పే పట్టణంలో సీమోను అనే చర్మకారుని ఇంట చాలా దినాలు బస చేశాడన్న చోటు. ‘చాలా దినాలు అని రాసిందా, అబ్బయ్యా? సరిగ్గా చూడు’ అని మళ్లీ అడిగేవాడు. రాసింది తాతా అంటే తృప్తిగా తల ఊపేవాడు. ఆ ఇంటి వాసన ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు. చచ్చిన పశువుల తోళ్లతో పని గనుక యూదులు ఆ వృత్తి వారిని మైలగా చూసేవారు. ఇల్లు సముద్రపు దరిని ఉన్నది అని గ్రంథమే చెబుతుంది. మా లంద వాడ చివర ఉన్నట్లే.

పేతురు ఎవరు? ప్రాణం పోయినా విడువను అని బిగించి పలికి, ఆ రాత్రే మూడుసార్లు ఎరుగనన్నవాడు. కోడి కూత విని వెక్కి వెక్కి ఏడ్చినవాడు. పాపంలో పడి కూడా గుండె గట్టిపడకుండా మిగిలింది ఆ ఏడుపు వల్లనే. అటువంటివాడికి కూడా అంటు, మైల అన్న పట్టింపు ఇంకా ఒకటి మిగిలి ఉన్నది. అది వదిలిన చోటు ఏది? ఆ తోలుపనివాని మేడ మీద. దుప్పటి వంటిది దిగి రావడం, దేవుడు పవిత్రం చేసినవాటిని నిషిద్ధమనవద్దన్న స్వరం రావడం, కింద కొర్నేలీ పంపిన మనుషులు వచ్చి నిలబడడం అంతా ఆ ఇంటి దగ్గరనే. బోధకులు తొందరగా కొర్నేలీ ఇంటికి వెళ్లిపోతారు. సీమోను ఇంట్లో కాసేపు కూర్చోరు. పేతురు మేడ మీద ప్రార్థిస్తున్నప్పుడు కింద గోలెంలో తోళ్లు నానుతూ ఉండి ఉంటాయని మా తాత అనేవాడు. గ్రంథంలో లేదు గాని, తోలుపని ఎరిగినవాడి మాట. నేను కాదనలేను.

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1987లో ఒక ఊరి ఉన్నత పాఠశాలకు బదిలీ మీద వెళ్లాను. ఉపాధ్యాయుల గదిలో నీళ్ల కుండ పక్కన స్టీలు గ్లాసులు బోర్లించి ఉండేవి. నా కోసమని ఒక సత్తు గ్లాసు కిటికీలో వేరుగా ఉండేది. ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పనవసరం లేకుండా పెట్టారు. ప్రభుత్వ కాగితాల మీద నేను షెడ్యూల్డు కులంవాడిని కాను. మతం మారినవారి సంతతి గనుక బి.సి.–సి. కిటికీలోని గ్లాసు మాత్రం ఆ కాగితాలు చదివినట్లు లేదు.

అక్కడ ఒక సహోపాధ్యాయుడు, నాకంటే పెద్దవాడు, పద్యం బాగా చదువుతాడు. నేను మనుచరిత్ర పాఠం చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి విని, ‘బైబిలు తెలుగు అనుకొన్నాను, ఫరవాలేదే’ అని నవ్వి వెళ్లేవాడు. గ్లాసు కంటే ఆ నవ్వు ఎక్కువ బాధించింది. తోటివానిని ద్వేషించడాన్ని నరహత్యతో సమానంగా ఎంచాడు యోహాను తన మొదటి పత్రికలో. కల్లు మానడం, చుట్ట మానడం నాకు ఎన్నడూ సమస్య కాలేదు. నాకు ఎదురైన పాపం ఇది. రాత్రిళ్లు నిద్ర పట్టకుండా ఆ మనిషికి జవాబులు కూర్చుకొంటూ ఉండేవాడిని. ఛందోబద్ధంగా కూడా.

అమ్మకు చెప్పాను. ‘వాణ్ణి పేరు పెట్టి ప్రార్థన చెయ్యి’ అన్నది. ‘మేలు చెయ్యమని ఇప్పుడే అడగొద్దులే. నీకు రాదు. పేరు మాత్రం రోజూ దేవుని ముందు పెట్టు. ఆ గ్లాసు సంగతి మాత్రం ఆ అయ్యవార్లతోనే తేల్చుకో. అది దేవుని పని కాదు, నీ పని.’ తంగేడు రసం పట్టి మళ్లీ పైన పోసే చేతిని చూస్తూ కాపురం చేసిన కోడలు గదా, ఆ మాట ఎక్కడి నుండి వచ్చిందో నాకు తెలుసు.

ఆ నెల సిబ్బంది సమావేశంలో లేచి, కిటికీలోని గ్లాసు అక్కడ ఉండరాదని, ఉంటే పై అధికారులకు వ్రాస్తానని చెప్పాను. గొంతు పెంచలేదు. కొందరు తలలు వంచుకొన్నారు. ఆ గ్లాసు సోమవారం నాటికి లేదు. స్టీలు గ్లాసుతో నీళ్లు తాగాను. మెత్తగా ఉండడమంటే తొక్కించుకోవడమని మా వాళ్లకు ఎవరైనా బోధిస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపాన్ని పాపంగా కూడా ఎంచను. కపిల బాన మెత్తగానే ఉంటుంది, బావిలో నీళ్లన్నీ మోస్తుంది.

పేరు పెట్టి ప్రార్థించడం ఎక్కువ కాలం పట్టింది. మొదట కొన్ని నెలలు ఆ పేరు నోట పలకడమే పళ్లు కొరికినట్లుండేది. ఎప్పుడు మారిందో తేదీ చెప్పలేను. ఒక రాత్రి ఆయన భార్యకు జబ్బుగా ఉందని గుర్తు వచ్చి, ఆమె కోసం కూడా ఒక మాట కలిపాను. తరువాత బదిలీ అయింది. మనుషులు దూరమయ్యారు.

2011లో ఆయన మా ఇంటికి వచ్చాడు. అప్పటికి రిటైరై చాలా కాలమైంది, మనిషి వంగిపోయాడు. చేతిసంచిలో ఒక శతకం వ్రాతప్రతి. ‘మాస్టారూ, యతిప్రాసలు ఒకసారి సరిచూసి పెట్టండి, అచ్చుకు ఇద్దామనుకొంటున్నాను’ అన్నాడు. కిటికీ గురించీ, గుమ్మం దగ్గరి నవ్వు గురించీ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకొని తాగాడు, చేతులు వణుకుతున్నాయి.

వారం రోజులు కూర్చొని నూట ఎనిమిది పద్యాలూ చూశాను. యతిభంగాలు పదకొండు దొరికాయి. అన్నీ ఎర్రసిరాతో గుర్తు పెట్టాను, ఒక్కటి కూడా చూడనట్లు వదిలిపెట్టలేదు. వృద్ధాప్యం మీద వ్రాసిన రెండు పద్యాలు మాత్రం నిజంగా బాగున్నాయి. ఆయన ప్రతి తీసుకొనిపోవడానికి వచ్చినప్పుడు ముందు ఆ సంగతి చెప్పి, తరువాత ఎర్రసిరా చూపించాను.